డ్రంక్ అండ్ డ్రైవ్ కేసును చలానాలా చూపించకండి

సంపాదకుల వారికి నమస్కారం.

పోయిన వారం మీ జిల్లా పేజీలో వచ్చిన డ్రంక్ అండ్ డ్రైవ్ వార్త, దానితో పాటు వేసిన ఫొటో చూసినప్పటి నుంచి మనసు కుదురుగా లేదు. స్పెషల్ డ్రైవ్‌లో దొరికిన వాళ్లను కోర్టు ఆవరణలో వరుసగా నిలబెట్టి తీసిన ఫొటో అది. కేసు ఇంకా పిలవనే లేదని మీ వార్తే చెబుతోంది. అయినా ఒక్కొక్కరి మొహం గుర్తుపట్టేలా అచ్చువేశారు. తాగి బండి నడపడం తప్పు, అందులో నాకు రెండో మాట లేదు. 44వ నంబరు జాతీయ రహదారి మీద షాద్‌నగర్ నుంచి అలంపూర్ చౌరస్తా దాకా ఎన్ని ఇళ్లు దిక్కులేనివయ్యాయో పాలమూరులో ఎవరిని అడిగినా చెబుతారు. నా దగ్గర చదువుకున్న పిల్లల్ని కూడా ఆ రోడ్డు పొట్టన పెట్టుకుంది. అలాంటి రోడ్ల మీద తనిఖీలు ఇంకా పెరగాలనే కోరుకుంటాను. కానీ పట్టుకునేటప్పుడు ఉన్న పట్టుదల ఆ తర్వాత జరిగే దాని మీద ఎవరికీ లేదు. పోలీసులకూ లేదు, మీ పత్రికకూ లేదు.

మీ వార్తలో "జరిమానా కట్టి వెళ్లిపోయారు" అని ఒక్క ముక్కలో తేల్చేశారు. చదివినవాళ్లు ఇదేదో హెల్మెట్ చలానా లాంటిదే అనుకుంటారు. మోటారు వాహనాల చట్టం 185వ సెక్షన్ కింద పెట్టే ఈ కేసు రోడ్డు మీద డబ్బు కట్టి రసీదు తీసుకుంటే పోయేది కాదు. మేజిస్ట్రేటు ముందుకు వెళ్లాల్సిందే. 100 మిల్లీలీటర్ల రక్తంలో ఆల్కహాల్ 30 మిల్లీగ్రాములు దాటితే మొదటిసారి ఆరు నెలల దాకా జైలు, లేదా 10,000 రూపాయల జరిమానా, లేదా రెండూ. రెండోసారి దొరికితే రెండేళ్ల దాకా జైలు, లేదా 15,000 జరిమానా, లేదా రెండూ. 2019 సెప్టెంబరుకు ముందు మొదటి తప్పుకు జరిమానా 2,000 దాకా మాత్రమే ఉండేది. కోర్టులో నిలబడి "ఒప్పుకుంటున్నా" అన్న మనిషికి పడేది శిక్ష, అది రికార్డులో ఉంటుంది. మహబూబ్‌నగర్‌లో కోచింగ్ సెంటర్ల చుట్టూ కానిస్టేబుల్ ఉద్యోగానికి, గ్రూప్స్‌కి చదువుతున్న పిల్లలు ఎంతమంది ఉన్నారు! రేపు ఉద్యోగం వచ్చాక నింపే అటెస్టేషన్ ఫారంలో ఎప్పుడైనా అరెస్టయ్యావా, ఏ కేసులోనైనా శిక్ష పడిందా అని అడుగుతారు. ఆ సంగతి ఒప్పుకునే ముందు ఆ పిల్లాడికి ఎవరు చెబుతున్నారు?

ఎవరూ చెప్పడం లేదని నాకు మా ఇంట్లోనే తెలిసింది. మా తమ్ముడి కొడుకు ఆటో నడుపుతాడు. బంధువుల ఇంట్లో పెళ్లికి వెళ్లి, కల్లు తాగి తిరిగి వస్తూ తనిఖీలో దొరికాడు. తప్పు వాడిదే, ఆ మాట వాడి మొహం మీదే అన్నాను. ఊదిన తర్వాత రీడింగ్ ఎంత వచ్చిందో నోటితో చెప్పారు గానీ, మెషీన్ నుంచి వచ్చిన స్లిప్పు వాడి చేతికి ఇవ్వలేదు. సంతకం పెట్టించుకున్న కాగితం ఇంగ్లీషులో ఉంది. "ఏం కాదు, జడ్జిగారు అడిగితే ఒప్పుకో, ఫైన్ కట్టి పో" అని స్టేషన్లో ఒకరు చెబితే, అదే మాట కోర్టు బయట తిరిగే దళారి డబ్బు తీసుకుని మరీ చెప్పాడు. వాడు ఒప్పుకున్నాడు, జరిమానా కట్టాడు. తర్వాత లైసెన్సు రవాణా శాఖకు వెళ్లి సస్పెండ్ అయింది. ఆటో డ్రైవరుకు లైసెన్సు లేకపోతే ఇల్లు ఎలా గడవాలి, ఫైనాన్స్ కిస్తీ ఎవరు కట్టాలి? శిక్ష వద్దని నేను అనడం లేదు. ఇవన్నీ ముందే తెలిసి ఉంటే వాడు కనీసం ఒక వకీలును అడిగి ఉండేవాడు. నేరం ఒప్పుకున్నాక అప్పీలుకు పెద్దగా దారి ఉండదు. వేసిన శిక్ష ఎక్కువైందనో, చట్టప్రకారం లేదనో మాత్రమే పై కోర్టుకు వెళ్లగలం.

ఇక బండి సంగతి. 2021లో తెలంగాణ హైకోర్టు ఈ విషయంలో చాలా స్పష్టంగా ఆదేశాలిచ్చింది. నడిపినవాడు తాగి ఉన్నాడన్న ఒక్క కారణంతో బండిని పట్టి ఉంచడానికి లేదు. పక్కన తాగని మనిషి ఉండి, అతనికి లైసెన్సు ఉంటే బండి అతనికి ఇవ్వాలి. ఎవరూ లేకపోతే బంధువులకో స్నేహితులకో కబురు చేయాలి. వాళ్లూ రాలేకపోతేనే స్టేషన్లో జాగ్రత్త చేసి, ఓనరు ఆర్‌సీ, లైసెన్సు చూపించగానే అప్పగించాలి. కేసు పెట్టాల్సి వస్తే బండి పట్టుకున్న మూడు రోజుల్లో చార్జిషీటు వేయాలి. మా వాడి విషయంలో చుక్క కూడా ముట్టని వాడి అన్న లైసెన్సు పట్టుకుని ఆ రాత్రే వెళ్లాడు. "రేపు రా" అన్నారు. ఆ రేపు ఎన్ని రోజులకు వచ్చిందో మా తమ్ముడి భార్యను అడగండి, ఏడుస్తూ చెబుతుంది. మన పోలీస్ స్టేషన్ల వెనక తుప్పుపడుతున్న బైకులు, ఆటోలు చూస్తుంటే హైకోర్టు మాట జిల్లా దాకా రావడానికి ఇన్నేళ్లు సరిపోలేదా అనిపిస్తుంది.

దొరికిన మనిషికి చట్టం ఇచ్చిన రక్షణలు చిన్నవేం కావు. 185 కింద అరెస్టు చేస్తే రెండు గంటల్లోపు డాక్టరు చేత పరీక్ష చేయించాలి, లేకపోతే వదిలిపెట్టాలి. ఇది 202వ సెక్షన్‌లోనే రాసి ఉంది. అలాగని ఊదనని మొండికేయమని ఎవరికీ చెప్పను. సరైన కారణం లేకుండా నిరాకరిస్తే దాన్ని కోర్టు నేరారోపణకు బలంగా తీసుకోవచ్చని 205వ సెక్షన్ చెబుతోంది. ఊదే గొట్టం కొత్తది అడగండి, స్లిప్పు కాపీ అడగండి, దాని మీద సమయం సరిగ్గా ఉందో లేదో చూసుకోండి. అప్పుడే నోట్లో పోసుకుని వచ్చినా, ఆల్కహాల్ ఉన్న మౌత్‌వాష్ వాడినా రీడింగ్ ఎక్కువ చూపిస్తుంది. కాసేపాగి మళ్లీ ఊదించమని అడగడంలో తప్పు లేదు. మెషీన్‌ను ఎప్పటికప్పుడు సరిచూడాలి. ఆ సర్టిఫికెట్ చూపించమని కోర్టులో అడగడం వకీలు పని. వకీలుకు డబ్బు లేదంటే 1987 నాటి న్యాయ సేవల చట్టం ఉంది. ఎస్సీ, ఎస్టీలకు, మహిళలకు, పోలీసు కస్టడీలో ఉన్నవాళ్లకు, ఆదాయం తక్కువ ఉన్నవాళ్లకు వకీలును ఉచితంగా ఇస్తారు. 15100కు ఫోన్ చేస్తే చాలు. మన జిల్లా కోర్టులోనే న్యాయ సేవాధికార సంస్థ ఉంది. డ్రంక్ అండ్ డ్రైవ్ కేసులు పిలిచే రోజు ఆ సంస్థ మనిషి ఒకరు కోర్టు హాలు బయట కూర్చుంటే దళారులకు పని ఉండదు.

ఇదంతా ఎవరికీ దెబ్బ తగలని కేసుల మాట. తాగి నడిపి ప్రాణం తీస్తే లెక్క వేరు, అక్కడ నా జాలి చచ్చిపోయిన వాళ్ల ఇంటివాళ్ల మీదే. ఐపీసీ స్థానంలో వచ్చిన భారతీయ న్యాయ సంహిత 106వ సెక్షన్ కింద ఐదేళ్ల దాకా జైలు పడుతుంది. ఇలా నడిపితే మనిషి చావొచ్చని తెలిసీ నడిపాడని 105 పెడితే పదేళ్ల దాకా పోతుంది. సొంత బండి రిపేరుకు బీమా కంపెనీ పైసా ఇవ్వనంటే దాన్నీ కాదనలేం. ఇలాంటి కేసులో దళారి మాట నమ్మి సంతకం పెట్టేవాళ్లను చూస్తే భయం వేస్తుంది.

ఇంకో మాట చెప్పకుండా ఉండలేను. తాగినవాణ్ని రోడ్డు మీద పట్టుకునే ప్రభుత్వమే వాడికి తాగే చోటు చూపిస్తోంది. రాష్ట్రంలో 2,620 వైన్ షాపులు. 2025లో ఒక్కో దరఖాస్తుకు తిరిగి ఇవ్వని ఫీజు 3 లక్షలు వసూలు చేశారు. షాపు పక్కనే పర్మిట్ రూము. ఊరి బయట ఉన్న ఆ రూముకు మనుషులు నడిచి వస్తారా? సాయంత్రం వెళ్లి చూడండి, బయట నిలబడ్డవన్నీ బైకులే. హైవేకు 500 మీటర్ల లోపు మద్యం అమ్మొద్దని సుప్రీంకోర్టు 2016 డిసెంబరులో చెప్పింది. 2017లో చిన్న ఊళ్లకు దాన్ని 220 మీటర్లకు తగ్గించింది, తర్వాత మునిసిపాలిటీలకు వర్తించదని చెప్పింది. ఇప్పుడు జడ్చర్ల చౌరస్తా చుట్టూ బోర్డులు చూడండి. పల్లెల్లో బెల్టు షాపుల గురించి ఎక్సైజ్ వాళ్లకు తెలియనిది ఏముంది? మా కాలంలో ఊళ్లో కల్లు తాగినవాడు నడిచే ఇంటికి పోయేవాడు. ఇప్పుడు మందు హైవే పక్కకు వచ్చింది, బండి లేని ఇల్లు లేదు, ఈ రెంటి మధ్య ఏం జరుగుతుందో ఆబ్కారీ శాఖ ఒక్కరోజు కూడా ఆలోచించినట్టు లేదు. తనిఖీ చేసే పోలీసులు రోడ్డు మీద ఎక్కడో కిలోమీటరు అవతల నిలబడకుండా పర్మిట్ రూము గేటు దగ్గరే నిలబడి, బండి తీయకముందే తాళంచెవి తీసుకుంటే ఎంతమంది ప్రాణాలు దక్కేవి!

మీ పత్రిక ఒక పని చేయాలి. నేరం రుజువు కాకముందు మనుషుల మొహాలు అచ్చువేయడం మానండి. ఆ ఫొటో వేసిన చోటులో సగం చాలు, పైన చెప్పిన హైకోర్టు ఆదేశాలు, 15100 నంబరు వేయడానికి. ఎస్పీగారు కూడా ప్రతి స్టేషన్‌లో, బ్రీత్ అనలైజర్ పట్టుకుని నిలబడే ప్రతి చోటా ఆ ఆదేశాలు తెలుగులోనూ ఉర్దూలోనూ పెద్ద అక్షరాలతో బోర్డు పెట్టించాలి. స్లిప్పు కాపీ అడిగినవాడిని కసరకుండా చేతికి ఇవ్వాలి. బండి కోసం వచ్చిన ఇంటివాళ్లకు "రేపు రా" అని ఎవరు చెప్పినా వాళ్ల మీద చర్య తీసుకోవాలి.

ఇట్లు,
ఒక రిటైర్డ్ ఉపాధ్యాయుడు,
జడ్చర్ల, మహబూబ్‌నగర్ జిల్లా