స్టేడియంలో మా తమ్ముడిని పిలిచి ఆడించిన అన్నకు కృతజ్ఞతలు

నెల్లూరు ఏసీ సుబ్బారెడ్డి స్టేడియంలో పొద్దున్నే కనిపించే అన్నా, మీ పేరు అడగలేకపోయాం. మేధో వైకల్యం ఉన్న మా తమ్ముడు పక్కన నిలబడి చూస్తుంటే మీరే పిలిచి మీతో పరిగెత్తించారు. ముప్పై దాటినవాడికి ఇంకేం ఆటలు అని అందరూ అనేవాళ్లు. మేధో వైకల్యం ఉన్నవాళ్ల కోసం జరిగే స్పెషల్ ఒలింపిక్స్ పోటీలకు 8 ఏళ్లు నిండితే చాలనీ, పై వయసుకు హద్దు లేదనీ, దాదాపు ఒకే సామర్థ్యం ఉన్నవాళ్లనే ఒక గ్రూపుగా ఆడిస్తారనీ మీరు చెప్పేదాకా మాకు తెలియదు. 1968 నుంచీ జరుగుతున్నాయట! ఇలాంటి సంగతి ప్రతి ఇంటికీ చేరాలి. చిన్న గురి బంతికి దగ్గరగా బంతులు దొర్లించే బోచీ ఆటలో బంతి ఎలా వేయాలో ఎంతో ఓపిగ్గా నేర్పారు. ఇప్పుడు వాడే ముందు లేచి, బూట్లు వేసుకుని మమ్మల్ని తొందరపెడుతున్నాడు. మీకు మా ఇంటిల్లిపాది నమస్కారాలు. ఒకపూట భోజనానికి రండన్నా, అమ్మ మరీమరీ చెప్పమంది.