వేళ్ల తప్పా, గిటార్ తప్పా?

సంపాదకులకు నమస్కారం.

రిటైరయ్యాక గిటార్ పట్టినవాణ్ణి. నెలలో నేర్పేస్తామనే ప్రకటనలు చూస్తే ఒళ్లు మండి ఈ ఉత్తరం రాస్తున్నాను. కొత్తవాళ్లు చాలామంది మానేసేది సంగీతం అబ్బక కాదు, వేళ్ల నొప్పి తట్టుకోలేక. ఆ నొప్పిలో కొంత ఎవరికైనా తప్పదు. వేలికొసలు గట్టిపడటానికి కొన్ని వారాలు పడుతుంది. మిగతాదంతా వాద్యం పుణ్యమే.

నా గిటార్‌కు 12వ ఫ్రెట్ (మెడ మీద అడ్డంగా ఉండే లోహపు పట్టీ) దగ్గర తీగల కింద పెన్సిల్ దూరేంత సందు ఉండేది. కరెంటు అక్కర్లేని మామూలు ఎకూస్టిక్ గిటార్‌కు అక్కడ లావు తీగ కింద 2.5 మిల్లీమీటర్లు ఉంటే చాలు. ఎఫ్ కార్డ్ (కొన్ని స్వరాలు ఒకేసారి పలికించే పట్టు) కోసం చూపుడు వేలు ఆరు తీగల మీదా అడ్డంగా వేసి ఎంత నొక్కినా రెండు తీగలు పలికేవి, మిగతావి టప్పుటప్పుమనేవి. మాస్టారేమో "ప్రాక్టీస్ చాలడం లేదండీ" అనేవారు. ఆయనకూ తీగల ఎత్తు చూడాలని తట్టలేదు! చివరికి రిపేరు చేసే ఒకతను తీగలు బిగించే బ్రిడ్జి మీది శాడిల్‌ను, అంటే తీగలు ఆనే సన్నని పట్టీని, అడుగున కాస్త అరగదీసి తీగలు కిందికి దిగేలా చేసి ఇచ్చాడు. మర్నాడే ఐదు తీగలు పలికాయి. ఆరోదానితో ఇంకా కుస్తీ పడుతున్నాను.

నేర్పేవారికి నా విన్నపం ఒక్కటే. మొదటి క్లాసులో శిష్యుడి వేళ్లకన్నా ముందు అతని గిటార్ చూడండి. మొదలుపెట్టడానికి రెండు వేళ్లతో పట్టే 'ఇ మైనర్' (Em) అనే కార్డ్ ఉండనే ఉంది. ఎఫ్‌కు తొందరేమిటి?

– ఒక రిటైర్డ్ గుమాస్తా