బుజ్జిగాడి ముందు పన్ను గురించి

ఒరేయ్ శీనూ,

నీ మెసేజ్ చదివిన దగ్గర్నుంచీ మనసంతా బుజ్జిగాడి మీదే ఉంది. పన్ను సగానికి విరిగి మధ్యలో ఎర్రటి చుక్క కనిపిస్తోందన్నావు కదా, అది పంటి లోపలి నరం. రూట్ కెనాల్ చేయించి, అంటే ఆ నరం మొత్తం తీయించేసి, క్యాప్ వేయించేద్దామంటున్నావు. ఆగరా. ఎనిమిదేళ్ల పిల్లాడికి ఆ తొందర అస్సలు వద్దు.

ముందు పళ్లు ఏడెనిమిదేళ్లకి బయటికొచ్చినా, లోపల వేరు పూర్తవడానికి ఇంకో మూడేళ్లు పడుతుంది. ఇప్పుడు వాడి పంటి వేరు పొట్టిగా, పల్చటి గోడలతో, చివర తెరుచుకుని ఉంటుంది. దాన్ని పెంచాల్సింది ఆ నరమే. నరం తీసేస్తే వేరు అలాగే బలహీనంగా మిగిలిపోతుంది, రేపు మళ్లీ దెబ్బ తగిలితే చిగురు దగ్గరే విరగొచ్చు.

అందుకే నరంలో దెబ్బతిన్న పైభాగం మాత్రం, సుమారు 2 మిల్లీమీటర్లు, మత్తిచ్చి తీస్తారు. రక్తం కాసేపట్లో ఆగిపోతే మిగతాది బాగున్నట్టే. దానిమీద మందు పెట్టి, ఏమాత్రం సందు లేకుండా మూసేస్తారు. స్వీడన్‌లో మియోమిర్ స్వెక్ అనే డాక్టరు 1978లో ఇలా చేసిన 60 పళ్ల ఫలితాలు ప్రచురించాడు, 96 శాతం నయమయ్యాయి. వాటిలో దెబ్బ తగిలి చాలా రోజులైన పళ్లు కూడా ఉన్నాయి. కాబట్టి ఆలస్యమైపోయిందని టెన్షన్ పడకు, కానీ రేపే తీసుకెళ్లు. ఏ మందు పెడతారో కూడా అడుగు. ఎంటీఏ అనే సిమెంట్ లాంటి మందు అయితే తర్వాత పన్ను బూడిదరంగుకి తిరగొచ్చు, ముందు పన్నుకి బయోడెంటిన్ లాంటిది నయం.

విరిగిన ముక్క దొరికిందా? దొరికితే నీళ్లలో వేసి ఉంచు, ఎండితే తెల్లగా పాలిపోతుంది. సరిగ్గా అమిరితే దాన్నే అతికిస్తారు. సొంత పన్ను కదా, అంత సహజంగా ఇంకేదీ కనిపించదు. దొరక్కపోతే, పెదవి వాచి ఉంటే, పెదవికీ ఎక్స్‌రే తీయించు. ముక్క లోపలే ఇరుక్కుని ఉండొచ్చు. అసలు ముక్కే లేకపోయినా పంటి రంగులో ఉండే కాంపోజిట్ అనే ఫిల్లింగ్ పొరలు పొరలుగా పెట్టి చక్కగా కడతారు. క్యాప్ మాట పెద్దయ్యాక చూసుకోవచ్చు, పిల్లలు ఎదుగుతుంటే చిగురు అంచు కూడా జరుగుతూ ఉంటుంది.

నొప్పి లేదు కదాని తర్వాత వెళ్లడం మానేయకు. ఆరు నుంచి ఎనిమిది వారాలకీ, మూడు నెలలకీ, ఆరు నెలలకీ, ఏడాదికీ చూపించాలి. నరం బతికుందో లేదో, వేరు పెరుగుతోందో లేదో ఆ పరీక్షల్లోనే తెలుస్తుంది.

వాడికి భయంగా ఉంటే చెప్పు, ఫోన్లో నేనే మాట్లాడతాను. ఎక్స్‌రే తీయగానే ఫోటో పంపు.

నీ
రవి