రబ్బరు తొడుగు లోపలి మనిషి గురించి

ఒరేయ్ శ్రీనూ,

ఎలా ఉన్నావు? అమ్మగారి మోకాలి నొప్పి తగ్గిందా? మొన్న ఫోన్‌లో "ఆ రబ్బరు బల్లి సినిమాలంటే అంత పిచ్చేంట్రా నీకు" అని నవ్వావు కదా. అప్పుడే జవాబు చెప్దామనుకున్నా. కానీ నువ్వు మాట మధ్యలో అడ్డం పడతావు. ఉత్తరమైతే చచ్చినట్టు చివరిదాకా చదువుతావు.

రబ్బరు అన్నావు చూడు, అక్కడే మొదలెడతా. 1954లో జపాన్‌లోని టోహో కంపెనీ మొదటి గాడ్జిల్లా సినిమా తీసింది, నువ్వన్న ఆ రబ్బరు బల్లి అదే. ట్రిక్ షాట్లన్నీ చూసుకున్నది ఎయిజి త్సుబురాయా. ఆయనకి హాలీవుడ్ కింగ్‌కాంగ్‌లాగా బొమ్మని కొంచెం కొంచెం కదుపుతూ, ఒక్కో ఫ్రేమూ తీయాలని ఆశ. అంత టైమూ లేదు, డబ్బూ లేదు. సరే, మనిషికే తొడుగు వేసేద్దాం అన్నారు. లోపల దూరినవాడు హరువో నకజిమా. మొదట కుట్టిన తొడుగు 100 కిలోల దాకా ఉండేదట. అది మోస్తూ నాలుగడుగులు వేయడమే గగనం! నడక కోసం ఆయన జూకి వెళ్ళి ఏనుగుల్నీ ఎలుగుబంట్లనీ గమనించాడు. కెమెరాలో ఫిల్మ్‌ని వేగంగా తిప్పి తీసి, మామూలు వేగంతో చూపిస్తే కదలిక నెమ్మదై, ఒంటికి కొండంత బరువు వస్తుంది. ఆ లైట్ల వేడిలో, ఆ తొడుగుల్లో ఆయన 1972 దాకా చెమటోడ్చాడు. ఇక ఆ అరుపు ఏ జంతువుదీ కాదు. సంగీత దర్శకుడు అకిరా ఇఫుకుబే డబుల్ బేస్ తీగల్ని వదులు చేయించి, జిగురు రాసిన తోలు గ్లవ్‌తో రుద్దించి పుట్టించిన శబ్దం అది. విఠలాచార్య దెయ్యాలకి ఈలలు వేసిన మనం దీన్ని చూసి నవ్వడం నాకైతే న్యాయం అనిపించదు.

పైగా ఆ మొదటి సినిమా పిల్లల ఆట కాదురా. ఆ ఏడాది మార్చి 1న అమెరికా బికినీ దీవుల్లో హైడ్రోజన్ బాంబు పరీక్షించింది. ఆ బూడిద ఓ జపాన్ చేపల పడవ మీద పడింది. అందులో ఉన్న 23 మందీ జబ్బుపడ్డారు, రేడియో ఆపరేటర్ సెప్టెంబరులో చనిపోయాడు. నవంబరు 3న సినిమా విడుదలైంది, అదీ సముద్రంలో పడవ మునిగిపోవడంతోనే మొదలవుతుంది. హాల్లో కూర్చున్న వాళ్ళకి ఎలా ఉండి ఉంటుందో ఊహించుకో. దర్శకుడు ఇషిరో హోండా యుద్ధం నుంచి తిరిగొస్తూ హిరోషిమా శిథిలాలు కళ్ళారా చూసినవాడు.

ఇవన్నీ నాకెవరు చెప్పారంటావా? అభిమానులే. 1968లో అమెరికాలోని ఒహాయోలో గ్రెగ్ షూమేకర్ అనే కుర్రాడు 'జపనీస్ ఫాంటసీ ఫిల్మ్ జర్నల్' అని సొంతంగా ఓ పత్రిక మొదలుపెట్టాడు. అప్పట్లో అక్కడివాళ్ళకి దొరికేవి కోసి, కుట్టి, డబ్బింగ్ చేసిన ముక్కలే. దాంతో ఎన్ని పుకార్లో! వాటిలో రాజులాంటిది 1962లో వచ్చిన 'కింగ్‌కాంగ్ వర్సెస్ గాడ్జిల్లా' గురించి. అమెరికా ప్రింటులో కాంగ్ గెలుస్తాడట, జపాన్ ప్రింటులో గాడ్జిల్లా గెలుస్తుందట! పత్రికలు అచ్చేశాయి, చివరికి ఓ క్విజ్ ఆటలో కూడా అదే సరైన జవాబుగా వచ్చింది. నిజానికి రెండింటిలోనూ ఇద్దరూ సముద్రంలో పడతారు, కాంగ్ ఒక్కడే పైకొచ్చి ఈదుకుంటూ పోతాడు. జపాన్ ప్రింటు చివర్లో ఇద్దరి అరుపులూ వినిపిస్తాయి, అమెరికా ప్రింటులో కాంగ్‌ది ఒక్కటే. తేడా అంతే. రెండు ప్రింట్లూ పక్కపక్కన పెట్టి చూసే ఓపిక అభిమానికి కాక ఇంకెవరికుంటుంది చెప్పు? ఇప్పటికీ షికాగో దగ్గర ఏటా జీ-ఫెస్ట్ అని జాతర జరుపుకుంటారు. నకజిమా కూడా ముసలితనంలో అమెరికా వెళ్ళి అలాంటి సభల్లో కూర్చుని అభిమానుల్ని కలిశాడు. తెర మీద ముఖం కనిపించని మనిషికి అంత మర్యాద దక్కడం నాకు భలే నచ్చింది.

జపాన్‌లో అయితే అభిమానులే తర్వాత దర్శకులైపోయారు. అల్ట్రామన్ అని త్సుబురాయా కంపెనీ వాళ్ళు టీవీలో తెచ్చిన రాకాసి సైజు హీరో ఉన్నాడులే. హిదెయాకి అన్నో కుర్రతనంలో స్నేహితులతో కలిసి సొంత అల్ట్రామన్ సినిమా తీశాడు. 1983లో బయటికొచ్చింది. అల్ట్రామన్ తనే, మాస్క్ కూడా లేదు, పై కోటూ తన ముఖమూ! నవ్వొస్తుంది గానీ వెనక సెట్టు చూస్తే నోరెళ్ళబెడతావు. ఆయనే 2016లో షింజి హిగుచితో కలిసి 'షిన్ గాడ్జిల్లా' తీశాడు. పాత తొడుగులు, బుల్లి బిల్డింగులు చెత్తలో పోతున్నాయని గోల పెట్టి 2012లో టోక్యోలో పెద్ద ప్రదర్శన పెట్టించిందీ ఆయనే. 2020లో త్సుబురాయా సొంతూరు సుకగావాలో ఆ సామాన్ల కోసమే ఓ భాండాగారం తెరిచారు. ఆ ఊరి వీధుల్లో అల్ట్రామన్ విగ్రహాలున్నాయి. అంతటితో ఆగలేదు, కథలో అల్ట్రామన్ పుట్టిన, ఎక్కడో అంతరిక్షంలో ఉన్న ఎం78 నెబ్యులాతో సోదర నగర ఒప్పందం కూడా చేసుకున్నారు. మన మునిసిపాలిటీ వాళ్ళకి ఈ ఐడియా చెప్పకు, బాబూ.

ముందు 1954 నాటి జపాన్ ప్రింటే చూడు. 1956లో అమెరికా వాళ్ళు రేమండ్ బర్‌ని విలేకరిగా అతికించిన ప్రింటుతో మొదలుపెట్టావంటే ఊరుకోను. తర్వాత 1999లో వచ్చిన మూడో గమెరా (అదో రాకాసి తాబేలు), ఆపైన ఆస్కార్ కొట్టిన 'గాడ్జిల్లా మైనస్ వన్'. మీ చిన్నదాన్ని మొదటిదానికి కూర్చోబెట్టకు, ఆసుపత్రి సీన్లు చూస్తే రాత్రి నిద్రపోదు. దానికి 1961 నాటి రాకాసి చిమ్మట సినిమా మోత్రా పెట్టు, చిట్టి అక్కాచెల్లెళ్ళ పాటకి గంతులేస్తుంది.

ఉంటాను మరి,
నీ రవి

తా.క.: నకజిమా మొదటి సినిమాలో తొడుగు లేకుండా కూడా ఓ చిన్న వేషంలో కనిపిస్తాడు. జాగ్రత్తగా వెతుకు.