బయటికి రావడానికి ఎన్ని నిమిషాలు?

సంపాదకులకు,

అయ్యా,

జూన్ మాసం వచ్చిందంటే గోదావరిఖనిలో పాత కార్మికులు ఇద్దరు ఎక్కడ కలిసినా 7 ఎల్ఈపీ గని మాట రాకుండా పోదు. 2003 జూన్ 16న ఆ గనిలోకి నీరు విరుచుకుపడి 17 మంది చనిపోయారు. ఆ తరువాత 2021 నవంబరులో శ్రీరాంపూర్ గనిలో పైకప్పు కూలి నలుగురు, 2022 మార్చిలో అడ్రియాల లాంగ్‌వాల్ గనిలో ముగ్గురు పోయారు. ప్రమాదం జరిగిన ప్రతిసారీ పరిహారం గురించి, వారసులకు ఇచ్చే ఉద్యోగం గురించి, విచారణ గురించి పత్రికలు వివరంగా రాస్తాయి, అవన్నీ రాయవలసినవే. అయితే ప్రమాదం జరిగిన ఆ క్షణాన గని లోపల ఇంకా ప్రాణాలతో ఉన్న మిగతా వందమంది ఏ దారిన, ఎంతసేపట్లో, ఎవరి మాట మీద బయటికి రావాలన్న ప్రశ్న మాత్రం ఎక్కడా కనపడదు. ముప్పై ఏళ్లకు పైగా భూగర్భ గనుల్లో పనిచేసి, చివరి పదిహేనేళ్లు మైనింగ్ సర్దార్‌గా, అంటే గని లోపల ఒక భాగంలో కార్మికుల భద్రత చూసే ఉద్యోగిగా ఉండి దిగిపోయినవాడిగా ఆ ఒక్క విషయం గురించే ఈ లేఖ రాస్తున్నాను.

ముందుగా ఒక పొరపాటు అభిప్రాయం తొలగాలి. గనిలో ఏదైనా జరిగితే రెస్క్యూ వాళ్లు వచ్చి కాపాడతారని బయటివాళ్లే కాదు, లోపల పనిచేసేవాళ్లు కూడా చాలామంది అనుకుంటారు. రెస్క్యూ సభ్యుల ధైర్యం మీద నాకు ఎంతో గౌరవం ఉంది. 2025 ఫిబ్రవరి 22న నాగర్‌కర్నూల్ జిల్లా దోమలపెంట దగ్గర ఎస్ఎల్‌బీసీ సొరంగం కూలి 8 మంది చిక్కుకుపోతే, మన సింగరేణి రెస్క్యూ సభ్యులు అక్కడికి వెళ్లి బురదలో, రాళ్లలో పనిచేసిన సంగతి అందరికీ తెలుసు. కానీ వాళ్లు స్టేషన్ నుంచి బయలుదేరి గని చేరాలి, నాలుగు గంటలు పనిచేసే శ్వాస పరికరాలు తగిలించుకుని సరిచూసుకోవాలి, లోపలి గాలిని పరీక్షించాలి, మంచి గాలి ఉన్నచోట స్థావరం పెట్టుకుని అక్కడి నుంచి అంచెలంచెలుగా ముందుకు పోవాలి. ఇందులో ఏ ఒక్కటి మానినా వాళ్ల ప్రాణాలకే ముప్పు. అంటే మొదటి గంట పూర్తిగా లోపలున్నవాడిదే. ఆ గంటలో అతన్ని కాపాడగలిగినవి నడుముకున్న సెల్ఫ్ రెస్క్యూయర్ (విషవాయువులో ఊపిరి నిలిపే డబ్బా), తెలిసిన దారి, పక్కనున్న తోటి మనిషి, ఈ మూడే.

సెల్ఫ్ రెస్క్యూయర్ సంగతి గనుల పరిచయం లేని పాఠకుల కోసం కొంచెం వివరంగా చెబుతాను. అది రెండు రకాలు. ఒకటి గాలిలోని కార్బన్ మోనాక్సైడ్‌ను కార్బన్ డయాక్సైడ్‌గా మార్చేది మాత్రమే. గాలిలో ఆక్సిజన్ తగ్గిపోతే అది ఎందుకూ పనికిరాదు. రెండోది లోపలున్న రసాయనం ద్వారా తానే ఆక్సిజన్ తయారుచేసి ఇచ్చేది. మొదటి రకంలో, గాలిలో విషవాయువు ఎక్కువైనకొద్దీ డబ్బా వేడెక్కి, పీల్చే గాలి నోరు కాల్చేటట్టు తగులుతుంది. వేడెక్కిందంటే పనిచేస్తున్నదని అర్థం. ఈ ఒక్క మాట తెలియని మనిషి డబ్బా చెడిపోయిందనుకుని నోట్లోంచి తీసేస్తాడు. కార్బన్ మోనాక్సైడ్‌కు రంగు లేదు, వాసన లేదు. తీసేసిన తరువాత అతను చేసిన తప్పు అతనికి తెలిసే అవకాశం కూడా ఉండదు. ఈ సంగతి వీటీసీ (వృత్తి శిక్షణ కేంద్రం) శిక్షణలో ఒకసారి విన్నంత మాత్రాన చెయ్యి అలవాటు పడదు. శిక్షణ కోసం చేసిన నమూనా డబ్బాను చీకట్లో, కళ్లు మూసుకుని తెరిచి, మౌత్‌పీస్ పళ్ల మధ్య పట్టి, ముక్కుకు క్లిప్ పెట్టుకోవడం పదేపదే చేయించాలి.

పని చేసేటప్పుడు ఆ డబ్బా తుంటికి ఒరుసుకుంటూనే ఉంటుంది. చెమటకు బెల్టు కింద చర్మం ఎర్రబడుతుంది. వంగినప్పుడల్లా అడ్డం వస్తుంది. అందుకని దాన్ని విప్పి దగ్గరున్న ప్రాప్‌కు (పైకప్పును మోసే ఆసరా స్తంభానికి) తగిలించి పని చేసుకునేవాళ్లను ఎందరినో చూశాను. సర్దార్‌నై ఉండి, చూసీ చూడనట్టు ముందుకు సాగిపోయిన రోజులు నాకూ ఉన్నాయి. ఆ మాట ఇప్పుడు ఒప్పుకోవడానికి బాధగా ఉన్నా ఒప్పుకుంటున్నాను, ఎందుకంటే పొగ కమ్మినప్పుడు ఆ ప్రాప్ వరకు వెనక్కి పోయి డబ్బా తెచ్చుకునే వ్యవధి ఎవరికీ దొరకదు.

ఇప్పుడు ఒక చిన్న లెక్క వేద్దాం. ఒక గనిలో అన్నిటికంటే లోపలున్న ఫేస్ (బొగ్గు తవ్వే చోటు) నుంచి ఇన్‌క్లైన్ (గనిలోకి దిగే ఏటవాలు సొరంగం) నోటి వరకు 3 కిలోమీటర్లు అనుకుందాం. మంచి గాలిలో, లైటు వెలుగులో గంటకు 4 కిలోమీటర్ల లెక్కన నడిచేవాడికి 45 నిమిషాలు పడుతుంది. అదే మనిషి పొగలో, ఎదురెక్కుడు దారిలో, ఒక చెయ్యి ముందువాడి భుజం మీద వేసి నడిస్తే అందులో సగం వేగం కూడా రాదు, గంటన్నర తప్పదు. నోట్లో మౌత్‌పీస్ ఉన్నందున మాట్లాడకూడదు, అంతా టోపీకున్న క్యాప్ ల్యాంప్ వెలుగు సైగలతోనే. నడుముకున్న డబ్బా 30 నిమిషాలదైతే మిగిలిన గంటసేపు అతను ఏం పీల్చుకుని నడవాలి? దారిలో ఎక్కడెక్కడ అదనపు డబ్బాలు ఉంచారు, అవి చీకట్లో చేతికి తగిలే చోటే ఉన్నాయా, వాటి గడువు తేదీ ఎవరు చూస్తున్నారు? ఈ లెక్క గని గనికీ, ఫేస్ ఫేస్‌కూ వేరుగా ఉంటుంది. ఫేస్ ముందుకు జరిగినప్పుడల్లా మారిపోతుంది కూడా. కాగితం మీద దూరాన్ని కొలిస్తే సరిపోదు, మనిషిని నడిపించి నిమిషాలు లెక్కపెట్టాలి.

మనిషి దిగే ప్రతి గనికీ రెండు దారులు ఉండాలని చట్టం చెబుతుంది. రెండో దారి సాధారణంగా గాలి బయటికి పోయే రిటర్న్ వైపు ఉంటుంది. రోజూ దాంతో ఎవరికీ పని పడదు. పైగా మనుషులను లోపలికి, బయటికి చేరవేసే మ్యాన్‌రైడింగ్ యంత్రం వచ్చాక మొదటి దారి మీద కూడా నడక తగ్గింది. కాళ్లకు సుఖం వచ్చింది, మంచిదే. కానీ కొత్తగా చేరిన పిల్లలకు తాము ఏ దారిన దిగుతున్నదీ కాళ్లకు తెలియడం లేదు. ఒకసారి నా డిస్ట్రిక్టులో (గనిలో నా అజమాయిషీ కింది భాగంలో) పనిచేసే బదిలీ కుర్రవాడు, అంటే రానివాళ్ల బదులు పనిచేసేవాడు, “సర్దార్ సాబ్, కరెంటు పోయి మ్యాన్‌రైడింగ్ ఆగితే మనం ఎటు పోవాలె?” అని అడిగాడు. నోటితో చెబితే అర్థం కాదని, షిఫ్టు అయ్యాక నా పైవాడైన ఓవర్‌మన్‌కు చెప్పి వాణ్ని రిటర్న్ దారిన తీసుకుపోయాను. గాలి తలుపు దగ్గర ఆగిపోయాం. ఫ్యాను లాగుడుకు తలుపు మీద ఒత్తిడి ఎంత ఉంటుందంటే, ఇద్దరం కాలు తన్నిపెట్టి లాగితే గాని రాలేదు. అవతల ఉక్క, కాళ్ల కింద బొగ్గుముద్ద, కొన్నిచోట్ల తల వంచకుండా పోలేని ఎత్తు. ఒక జంక్షన్‌లో వాడు మారుమాట లేకుండా డిప్ వైపు, అంటే ఇంకా లోతుకు పోయే వైపు తిరిగాడు. భుజం పట్టుకుని ఆపాను. వెలుగులో, నెమ్మదిగా, భయం లేకుండా నడిచే మనిషే దారి తప్పితే పొగలో సంగతి ఏమిటి?

దీనికి తోడు, నిప్పుకు పనికొచ్చే తెలివి నీటికి పనికిరాదు. బొగ్గు తీసేసి వదిలేసిన గోఫ్‌లో మిగిలిన బొగ్గు తనంతట తాను రాజుకుని పొగ వస్తే అది గాలితోపాటు పోతుంది కాబట్టి, మంచి గాలి వచ్చే ఇన్‌టేక్ దారి పట్టాలి. నిప్పు ఇన్‌టేక్‌లోనే పుడితే మాత్రం ఆ దారే మృత్యువు. 1994 జనవరి 25న పశ్చిమ బెంగాల్‌లోని న్యూ కెందా గనిలో నిప్పు పుట్టి 55 మంది చనిపోయారు. 2014 మే 13న టర్కీలోని సోమా గనిలో 301 మంది పోయారు, ఎక్కువమంది కార్బన్ మోనాక్సైడ్‌కే. నీటి సంగతి వేరు. 1975 డిసెంబరు 27న చాస్‌నాలాలో 375 మందిని నీరే మింగింది. 1995 సెప్టెంబరులో ధన్‌బాద్ ప్రాంతపు గాజ్లీటాండ్‌లో వాన కుండపోతగా కురిసి, కత్రీ నది పొంగి గనిలో దూరి 64 మంది చనిపోయారు. నీరు వస్తే డిప్‌లో ఉన్నవాడు గాలి ఎటు వీస్తున్నదని చూస్తూ కూర్చోకూడదు, ఎత్తుగా ఉండే రైజ్ వైపు ఎక్కాలి. 1989 నవంబరులో రాణిగంజ్ దగ్గర మహాబీర్ గనిలో నీరు వచ్చినప్పుడు ఆరుగురు చనిపోయినా, 65 మంది నీరు అందని చోట నిలబడగలిగారు కాబట్టే జస్వంత్ సింగ్ గిల్ బోరు రంధ్రంలోంచి ఉక్కు క్యాప్సూల్ దింపి ఒక్కొక్కరినీ పైకి తీసుకురాగలిగారు. కాబట్టి మాక్ డ్రిల్ అంటే ఏటా ఒకే తీరున జరిపే కార్యక్రమం కాకూడదు; ఒకసారి నిప్పని, ఒకసారి నీరని, ఒకసారి మొదటి దారి మూసుకుపోయిందని చెప్పి నడిపించాలి.

అమెరికాలోని వెస్ట్ వర్జీనియాలో సాగో గని 2006 జనవరి 2న పేలింది. 12 మంది చనిపోగా, వారిలో ఎక్కువమంది పేలుడుకు కాదు, ఆ తరువాతి విషవాయువుకు బలైనవారే. రెస్క్యూ బృందం వారిని చేరేసరికి 40 గంటలు దాటింది. ఆ ఏడాది జూన్‌లోనే అక్కడ కొత్త చట్టం తెచ్చారు. తప్పించుకునే దారుల పొడవునా తాడు కట్టడం అందులో ఒకటి. ఆ తాడుకు అక్కడక్కడ శంకువు ఆకారపు గుబ్బలు ఉంటాయి. బయటి వైపు నడిస్తే చెయ్యి వాటి మీదుగా నున్నగా జారుతుంది, తప్పు వైపు నడిస్తే తట్టుకుంటుంది. కళ్లు లేకపోయినా చెయ్యి దారి చెబుతుందన్నమాట. ప్రతి మూడు నెలలకు ఒకసారి కార్మికులను ఆ దారిన నడిపించాలన్న నియమం కూడా పెట్టారు. మన గనుల్లో ఈ తాడు కట్టడానికి పెద్ద సాంకేతికత ఏదీ అవసరం లేదు.

డ్రిల్ తేదీ ముందే తెలిస్తే ఆ రోజు అందరూ సిద్ధంగానే ఉంటారు. నైట్ షిఫ్టులో, తెల్లవారుజామున మూడు గంటలకు, చెప్పకుండా పెట్టిన డ్రిల్‌లోనే ఏ టెలిఫోన్ మోగదో, ఏ తలుపు రాదో తెలుస్తుంది. కాంట్రాక్టు కార్మికులను తప్పకుండా కలపాలి. వాళ్లలో ఉత్తరాది నుంచి వచ్చిన హిందీ వాళ్లూ ఉంటారు. తెలుగులో రాసిన బాణం గుర్తు కింది అక్షరాలు వాళ్లకు అక్కరకు రావు. ప్రమాదం జరగగానే పైన మొట్టమొదట అడిగే ప్రశ్న “లోపల ఎంతమంది?” అని. ల్యాంప్ రూంలో ఇచ్చిన లైట్ల లెక్కా, మస్టర్ (హాజరు) లెక్కా, కాంట్రాక్టరు పుస్తకంలో లెక్కా ఐదు నిమిషాల్లో ఒకటిగా తేలకపోతే ఆ డ్రిల్ తప్పినట్టే రాసుకోవాలి.

బయటికి రమ్మనే అధికారం సర్దార్‌కు నిబంధనల్లో ఉంది. ప్రమాదం ఉందనిపిస్తే మనుషులను వెనక్కి తీసుకోవడం అతని బాధ్యత కూడా. అనుమానంతో మనుషులను బయటికి తెచ్చి, తీరా ఏమీ జరగకపోతే పోయిన ఉత్పత్తి గురించి అతన్ని ఎవరూ నిలదీయరన్న మాట యాజమాన్యం రాతపూర్వకంగా ఇవ్వాలి. కార్మిక సంఘాల పెద్దలకూ ఒక విన్నపం: గుర్తింపు ఎన్నికల వేళ లాభాల వాటా గురించి, సొంతింటి గురించి వినపడినంత గట్టిగా రెండో దారి గురించి కూడా వినపడాలి.

గనుల భద్రత చూసే కేంద్ర సంస్థ డీజీఎంఎస్ అధికారులను, గని యాజమాన్యాలను నేను కోరేది ఒక్కటే. ప్రతి భూగర్భ గని ల్యాంప్ రూం ముందు ఒక బోర్డు పెట్టండి. ఏ ఫేస్ నుంచి ఏ దారిన నడిస్తే ఎన్ని నిమిషాలు, నడుముకున్న డబ్బా ఎన్ని నిమిషాలది, మధ్యలో డబ్బా మార్చుకునే చోటు ఏది, చివరి సారి నిజంగా నడిచి చూసిన తేదీ ఏది, నడిచినవారి పేర్లేవి అన్నవి తెలుగులో, హిందీలో రాయించండి. ఫేస్ జరిగినప్పుడల్లా ఆ అంకెలు మార్చండి. ఆ రోజు రిటర్న్ దారిన బయటికి వచ్చాక ఆ బదిలీ కుర్రవాడు నా కీ గడియారం చూసి, తనిఖీ గుర్తులు రాయడానికి నా జేబులో ఉండే చాక్‌పీస్ అడిగి తీసుకుని, గోడ మీద తన ఫేస్ నంబరు వేసి, దాని పక్కన “70 నిమిషాలు” అని రాశాడు.

భవదీయుడు,
విశ్రాంత మైనింగ్ సర్దార్,
గోదావరిఖని