మా షాపు పక్క గదిలో డాక్టరుగారు మారుతున్న సంగతి

మా మందుల షాపును ఆనుకుని ఉన్న గదిలో పదకొండేళ్లుగా సాయంత్రం పూట రోగులను చూస్తున్న డాక్టరుగారు వచ్చే సోమవారం నుంచి రారు. అద్దె దగ్గర పేచీ వచ్చిందని బజార్లో అనుకుంటున్నారు కాబట్టి అసలు సంగతి నేనే చెప్పడం మర్యాద. ఇకమీదట రావద్దని ఆయనతో అన్నది నేనే.

మొన్న శ్రావణంలో, చాలా కాలంగా మా దగ్గరే మందులు కొంటున్న ఒక రిటైర్డ్ టీచరుగారికి బిల్లు రాస్తుండగా, బీపీకి వాడే రామిప్రిల్ మాత్రలూ, దాని కిందే దగ్గు మందు సీసా కనిపించి నా చెయ్యి ఆగిపోయింది. ఆ రకం బీపీ మాత్రలు వాడేవారిలో కొందరికి పొడి దగ్గు పట్టుకుంటుందని ఫార్మసీ చదివిన ప్రతివాడికీ తెలుసు. ఆమె ఆ మాత్రలు మొదలుపెట్టింది మార్చిలో, వేరే ఊరి డాక్టరు రాసిన చీటీ మీద. దగ్గు మొదలైంది ఏప్రిల్‌లో. ఆ నాలుగు నెలల్లో మన డాక్టరుగారు మూడు సార్లు యాంటీబయాటిక్కులూ, నాలుగు రకాల దగ్గు మందులూ రాశారు, అవన్నీ నేనే అమ్మాను. "చెబుదామనే వెళ్లేదాన్ని బాబూ, మొదటి మాట పూర్తయ్యేలోపే చీటీ చేతిలో పడేది" అన్నారామె. నా మాట మీద మొదటి డాక్టరు దగ్గరికి తిరిగి వెళితే ఆయన మాత్ర మార్చారు, మూడు వారాలకు దగ్గు పోయింది.

ఈ విషయం డాక్టరుగారితో ఏకాంతంగా, వీలైనంత మెత్తగానే ప్రస్తావించాను. "అందరి కథలూ వింటూ కూర్చుంటే తెల్లారుతుంది, మీరు మందులు అమ్ముకోండి, వైద్యం నేను చూసుకుంటాను" అన్నారాయన. ఆ మాట నాకు ఇంకా గుచ్చుకుంటూనే ఉంది, దాచుకోను. ఆ రోజు టోకెన్లు తొంభై ఆరు. అయిదు నుంచి తొమ్మిది వరకు లెక్క వేస్తే మనిషికి రెండున్నర నిమిషాలు. అరవై ఏడు దేశాల వివరాలతో 2017లో వెలువడిన ఒక పరిశీలనలో స్వీడన్‌లో రోగికి సగటున ఇరవై రెండున్నర నిమిషాలు దొరుకుతున్నాయనీ, మన దేశంలో సుమారు రెండు నిమిషాలేననీ ఉంది. ఆ లెక్కన ఆయన దేశ సగటు కంటే అర నిమిషం ఎక్కువే ఇచ్చారు. ఆయనకు మందులు తెలియవని నేను అనడం లేదు, చేతివాసి గల మనిషే. కానీ ఈ దగ్గుకు కారణం ఏ ఎక్స్‌రేలోనూ కనిపించేది కాదు, ఆమె నోటి నుంచి రావలసిందే.

అయినా రెండు నెలలు ఊగిసలాడాను. నా అమ్మకాల్లో సగానికి పైగా ఆయన చీటీలవే. ఇంట్లో వద్దన్నారు, మందుల కంపెనీ ప్రతినిధులు నవ్వారు. చివరికి తేల్చుకున్నది ధర్మం కోసమా, ఆయన అన్న మాటకు నొచ్చుకునా అని అడిగితే రెండూ కలిశాయనే చెబుతాను.

కొత్తగా వచ్చే డాక్టరమ్మగారు సాయంత్రానికి ఇరవై నాలుగు టోకెన్లే చూస్తారు, మనిషికి పది నిమిషాలు. ఫీజు రెండు వందల నుంచి మూడు వందలవుతుంది. ఇరవై అయిదో టోకెను నా సొంత బావమరిదికైనా ఇవ్వను. అత్యవసరమైతే మాత్రం టోకెను కోసం ఆగకుండా నేరుగా పెద్దాసుపత్రికి వెళ్లండి. వచ్చేటప్పుడు ఏ డాక్టరు రాసినవైనా సరే, ఇంట్లో వాడుతున్న మాత్రలన్నీ, ఆయుర్వేదం పొట్లాలతో సహా, ఒక సంచిలో వేసుకుని రండి. టోకెన్లు మధ్యాహ్నం మూడింటి నుంచి కౌంటరు దగ్గర ఇస్తాము.