రీమాస్టర్ రికార్డుల జాబితా మార్చాం: ఏం మారింది, ఎందుకు మారింది

మా దగ్గర పాత రాక్ ఆల్బమ్‌ల రీఇష్యూలు కొనే మీ అందరికీ నమస్కారం.

ముందుగా ఒక తప్పు ఒప్పుకోవాలి. పోయిన విడత జాబితాలో కొన్ని ఎల్పీల పక్కన ‘ఒరిజినల్ అనలాగ్ టేపు నుంచి’ అని రాశాం. అట్ట మీద అతికించిన స్టిక్కర్‌లో అలాగే ఉంది, మేమూ దాన్నే దించేశాం. తీరా లోపలి కాగితం చదివితే, టేపును ముందు హై రిజల్యూషన్ డిజిటల్ ఫైలుగా మార్చి, ఆ ఫైలు నుంచి రికార్డు కట్ చేశారని (అచ్చు కోసం గాడులు చెక్కారని) ఉంది. స్టిక్కర్ చెప్పింది సగం నిజం, మిగతా సగం చదవకపోవడం మా తప్పు. ఆ మాట చూసి కొన్నవాళ్లు, రికార్డు ఎన్నిసార్లు విన్నా సరే, తిరిగి ఇచ్చి పూర్తి డబ్బు తీసుకోవచ్చు. పార్సిల్ ఖర్చు మేమే పెట్టుకుంటాం.

డిజిటల్ అడుగు ఉన్నంత మాత్రాన రికార్డు చెడ్డదైపోదు. లవ్ బృందం 1967లో తెచ్చిన ‘ఫరెవర్ ఛేంజెస్’ ఆల్బమ్‌ను 2018లో మళ్లీ విడుదల చేసినప్పుడు, ఆనాటి సహ నిర్మాత బ్రూస్ బాట్నిక్ స్వయంగా కూర్చుని రీమాస్టర్ చేశారు. ఆ పని తెలిసిన చేతిలో ఫైలు పాడవదు. కాకపోతే డబ్బు పెట్టేది మీరు, ఏది కొంటున్నారో మీకు ముందే తెలియాలి.

అందుకని ఈ నెల నుంచి జాబితాలో ప్రతి రికార్డు ఎదురుగా మూడు వివరాలు ఉంటాయి: ఏ టేపు నుంచి తీశారు, ఎవరు కట్ చేశారు, ఎక్కడ ప్రెస్ చేశారు (అచ్చు వేశారు). మొదటి వివరం దొరకని రికార్డును ఇక తెప్పించం. మిగతా రెండూ దొరకకపోతే ఆ గడి ఖాళీగా వదిలేస్తాం, ఊహించి నింపం.

మొదటి గడి మీద ఇంత పట్టుదల ఎందుకో కాస్త వివరంగా చెప్పాలి.

రీఇష్యూ అంటే మళ్లీ అచ్చు వేయడం, అంతే. రీమాస్టర్ అంటే పూర్తయిన మిక్స్ (గొంతులు, వాద్యాలు అన్నీ కలిపిన రూపం) ఉన్న టేపును మళ్లీ ప్లే చేసి, స్వరాల సమతూకం, శబ్దం స్థాయి కొత్తగా సరిచేయడం. రీమిక్స్ అంటే ఇంకా వెనక్కి వెళ్లి, గొంతు, గిటార్, డ్రమ్స్ విడివిడిగా ఉన్న మల్టీట్రాక్ టేపు నుంచి పాటను మళ్లీ కలపడం. మూడింటికీ ఒకే రంగు స్టిక్కర్ వేస్తారు కాబట్టి గందరగోళం.

1960లు, 70లలో ఒక ఆల్బమ్ పూర్తయ్యాక అసలు మాస్టర్ టేపు ఒకచోట ఉండేది, దాని కాపీలు దేశదేశాల కంపెనీలకు వెళ్లేవి. ఈ కాపీల్లో చాలా వాటిని ఎల్పీ కట్ చేయడానికి అనువుగా ముందే సవరించి ఉంచేవారు: బేస్ తగ్గించి, హెచ్చుతగ్గులు నొక్కేసి. పైగా టేపు నుంచి టేపుకు దించిన ప్రతిసారీ బుస పెరుగుతుంది, డ్రమ్స్‌తో వాయించే సింబల్స్ (లోహపు తాళాలు) మెరుపు తగ్గుతుంది. 1980లలో సీడీలు వచ్చినప్పుడు తొందరలో చేతికందిన కాపీ నుంచే చాలా ఆల్బమ్‌లు దించేశారు. బాగా అమ్ముడయ్యే బృందాల విషయంలో తర్వాత కంపెనీలు గోదాములు వెతికించి అసలు టేపు బయటికి తీయించాయి. అమ్ముడుపోని ఆల్బమ్ కోసం ఎవరు వెతికిస్తారు? అది మూడో తరం కాపీ మీదే బతుకుతూ వచ్చింది. జనం ‘రికార్డింగే మొద్దుగా ఉంది’ అనుకున్నారు. అందుకే మరుగున పడ్డ ఆల్బమ్‌ను అసలు టేపు నుంచి తీస్తే వచ్చే తేడా, పేరున్న ఆల్బమ్‌ను పదోసారి రీమాస్టర్ చేస్తే వచ్చే తేడా కంటే చాలా పెద్దది. మా డబ్బు, మీ డబ్బు అక్కడ పెట్టడమే న్యాయమని మా ఉద్దేశం.

టేపు దొరికినంత మాత్రాన పని అయిపోదు. 1970ల నడుమ నుంచి 90ల మొదటి వరకు వాడిన కొన్ని రకాల టేపుల్లో, ముఖ్యంగా ఆంపెక్స్ 406, 456లలో, అయస్కాంతపు పొడిని పట్టి ఉంచే జిగురు గాలిలోని తేమను పీల్చి బంకలా మారుతుంది. అలాగే ప్లే చేస్తే టేపును చదివే హెడ్‌కు అంటుకుని కీచుమంటుంది, పూత ఊడి వస్తుంది. దానికి మందు వేడి: దాదాపు 54 డిగ్రీల సెల్సియస్ దగ్గర, పావు అంగుళం టేపుకైతే సుమారు ఎనిమిది గంటలు. తర్వాత కొన్ని వారాల పాటు టేపు ఆడుతుంది, ఈలోపు కాపీ తీసుకోవాలి. అసిటేట్ అనే పాత రకం ప్లాస్టిక్ మీద చేసిన అంతకు ముందటి టేపులను ఇలా వేడి చేస్తే చెడిపోతాయి. వాటి జబ్బు వేరు: ముక్కలు అతికించిన చోట అంటు ఎండి ఊడిపోతుంది, ఒక్కో అతుకూ చేత్తో మళ్లీ వేయాలి. ఈ శ్రమకు అయ్యే ఖర్చే మంచి రీఇష్యూ ధరలో ఉంటుంది. ఇక 2008 జూన్ 1న హాలీవుడ్ యూనివర్సల్ స్టూడియోలో జరిగిన అగ్నిప్రమాదంలో మాస్టర్ టేపులు కాలిపోయాయి. అలా పోయిన ఆల్బమ్‌లకు మిగిలిన కాపీయే దిక్కు. అప్పుడు ఆ మాట నిజాయతీగా రాసిన కంపెనీ సరుకు మేము ఆనందంగా తెప్పిస్తాం.

ఇప్పుడు మీరు ఎక్కువగా అడుగుతున్న ఆల్బమ్‌ల సంగతి.

ద జాంబీస్ బృందం ‘ఒడెస్సీ అండ్ ఓరకిల్’: మోనో (ఒకే చానెల్) కొనాలా, స్టీరియో (ఎడమ, కుడి రెండు చానెళ్లు) కొనాలా? 1967లో ఎక్కువ భాగం లండన్ ఆబే రోడ్ స్టూడియోలో, నాలుగు ట్రాకుల యంత్రాల మీద రికార్డు చేశారు. కంపెనీ ఇచ్చిన డబ్బు మోనో మిక్స్‌తోనే అయిపోయింది. ఆపైన స్టీరియో కావాలని అడిగితే, బృందంలో పాటలు రాసే రాడ్ ఆర్జెంట్, క్రిస్ వైట్ తమ పాటల రాబడి లోంచి 200 పౌండ్లు పెట్టుకుని చేయించారు. 1968 ఏప్రిల్‌లో ఆల్బమ్ బయటికి వచ్చేసరికి బృందమే విడిపోయింది. ‘టైమ్ ఆఫ్ ద సీజన్’ అమెరికాలో 1969లో మూడో స్థానానికి ఎక్కినప్పుడు వేదిక మీద పాడడానికి బృందం లేదు. ఇంతకీ మీకు పనికొచ్చే విషయం ‘దిస్ విల్ బి అవర్ ఇయర్’ పాటలో ఉంది. అందులోని బాకాలను మోనో మిక్స్ చేస్తున్నప్పుడు నేరుగా కలిపారు, మల్టీట్రాక్ మీద అవి లేవు. కాబట్టి ఆనాటి స్టీరియో ఎల్పీలో ఆ ఒక్క పాట, మోనోను రెండు చానెళ్లకూ సాగదీసిన ఉత్తుత్తి స్టీరియో. మీ ప్రెస్సింగ్‌లో ఆ పాట పలచగా, ఎక్కడో దూరంగా వినిపిస్తే రికార్డు లోపం కాదు, తిరిగి పంపకండి. మా సలహా: ఒక్కటే కొనేటట్లయితే మోనో కొనండి, బేస్ గిటార్‌లో ఉన్న దమ్ము అక్కడ ఉంది. గొంతుల అల్లిక విడివిడిగా వినాలంటే స్టీరియో. మోనో కోసం వేరే కార్ట్రిడ్జ్ (సూది బిగించిన భాగం) అక్కర్లేదు. ఆంప్లిఫయర్‌కు మోనో మీట ఉంటే నొక్కండి, చిటపటలు కొంత తగ్గుతాయి.

ద ప్రెటీ థింగ్స్ బృందం ‘ఎస్ఎఫ్ సారో’ (1968) కూడా ఆబే రోడ్‌దే, నిర్మాత నార్మన్ స్మిత్. దీనికీ మోనో, స్టీరియో రెండూ ఉన్నాయి, ఇక్కడా మా ఓటు మోనోకే.

బిగ్ స్టార్ బృందం మూడో ఆల్బమ్‌తో వచ్చిన చిక్కు టేపుది కాదు, వరసది. 1974లో మెంఫిస్‌లోని ఆర్డెంట్ స్టూడియోలో నిర్మాత జిమ్ డికిన్సన్‌తో రికార్డు చేశారు, విడుదలయింది 1978లో. పాటల వరస ఇదీ అని బృందం ఎన్నడూ ఖరారు చేయలేదు. కాబట్టి 1978 వరస, 1992 సీడీ వరస వేర్వేరు. ‘నా కాపీలో పాటలు తారుమారయ్యాయి’ అని రాసేముందు జాబితాలో మేమిచ్చిన వరస చూడండి. మిక్స్‌లు, డెమోలు (తొలి నమూనా రికార్డింగులు) అన్నీ కావాలనుకునేవాళ్లకు 2016లో వచ్చిన మూడు సీడీల పెట్టె మేలు, ఎల్పీ జోలికి పోనక్కర్లేదు.

ద స్టూజెస్ బృందం ‘రా పవర్’ (1973) అడిగేవాళ్లు ఏ మిక్స్ కావాలో తప్పక రాయండి. మొదటి విడుదలలో ఉన్నది, ఒక్క పాట తప్ప, గాయకుడు డేవిడ్ బోవీ చేసిన మిక్స్. 1997లో బృందం గాయకుడు ఇగ్గీ పాప్ మళ్లీ మిక్స్ చేసి, మీటరు పైకప్పుకు తగిలేంత గట్టిగా పెట్టారు. 2010 విడుదలలో బోవీ మిక్స్ తిరిగి వచ్చింది. 1997 మిక్స్ ఇష్టపడేవాళ్లున్నారు, వాళ్లను కాదనం. కానీ అది రీమాస్టర్ కాదు, వేరే మిక్స్. అరగంట విన్నాక చెవి అలసిపోతుంది.

శబ్దం నొక్కేశారో లేదో ఇంట్లోనే చూసుకోవచ్చు. సీడీ నుంచి ఒక పాట కంప్యూటర్‌లోకి దించి, ఉచితంగా దొరికే ఆడాసిటీ అనే సాఫ్ట్‌వేర్‌లో తెరవండి. కొండలూ లోయలూ కనిపిస్తే మంచిది. ఇటుక గోడలా పైనా కిందా చదునుగా కోసినట్లుంటే నొక్కేసినట్లే. రెండు ప్రతులు పోల్చేటప్పుడు, ఇంట్లో ఉన్న పాత డమ్ డమ్ ప్రెస్సింగ్‌తో (కోల్‌కతా దగ్గరి డమ్ డమ్ ఫ్యాక్టరీలో అచ్చైన రికార్డుతో) అయినా సరే, ముందు రెండింటి శబ్దం సమానం చేయండి. ఏది కాస్త గట్టిగా ఉంటే అదే బాగుందనిపించడం చెవి స్వభావం.

రెండో గడి, ఎవరు కట్ చేశారన్నది, రికార్డు మీదే రాసి ఉంటుంది. చివరి పాటకూ లేబుల్‌కూ మధ్యనున్న ఖాళీ జాగాలో గీసిన ఇంగ్లిష్ అక్షరాలు టార్చి పక్కవాటుగా పట్టి చూడండి: కేపీజీ అంటే కెవిన్ గ్రే, బీజీ అంటే బర్నీ గ్రండ్‌మన్, సీబీ అంటే క్రిస్ బెల్‌మన్. ఏ అక్షరాలూ లేకపోయినంత మాత్రాన దొంగ సరుకు కాదు. ఒక పక్క నిడివి కూడా చూడండి. నిమిషానికి 33⅓ చుట్ల వేగంలో 22 నిమిషాలు దాటితే గాడులు ఇరుకవుతాయి, శబ్దం తగ్గించి కట్ చేయక తప్పదు, లేబుల్ దగ్గరి పాటల్లో ‘స’, ‘ష’ అక్షరాలు చీలతాయి.

180 గ్రాముల గురించి ఒక మాట. బరువు పెరిగినంత మాత్రాన గాడి లోతు పెరగదు, శబ్దం మెరుగవదు. 140 గ్రాముల రికార్డుతో పోలిస్తే ఒక్కో పళ్లెం 40 గ్రాములు ఎక్కువ. రెండు పళ్లేల ఆల్బమ్‌లు 25 ఉన్న పెట్టెకు రెండు కిలోల అదనపు విమాన ఛార్జీ, దాని మీద సుంకం, పన్ను, అన్నీ కలిసి తడిసి మోపెడవుతాయి. రెండూ దొరికే చోట ఇకనుంచి 140 గ్రాములదే తెప్పిస్తాం.

ప్రెస్సింగ్ లోపాలు ఈ ఏడాది మమ్మల్ని బాగా ఇబ్బంది పెట్టాయి. మార్చి ఇచ్చేవి ఇవి:

నడిమి రంధ్రం పక్కకు జరగడం: టోన్ ఆర్మ్ (సూదిని మోసే కడ్డీ) ప్రతి చుట్టుకూ ఎడమకూ కుడికీ ఊగుతుంది, పియానో సాగదీసిన చోట శ్రుతి వణుకుతుంది. గాడి నిండకపోవడం: అచ్చులో ప్లాస్టిక్ పూర్తిగా పారక, ఎక్కువగా ఒకే చానెల్‌లో, గుడ్డ చింపినట్లు ‘చర్ర్’మని కొన్ని చుట్లు వినిపిస్తుంది, వెలుగులో గాడి మీద సన్నని మచ్చలు కనిపిస్తాయి. ఎంత కడిగినా పోదు. వంకర: సూది ఎగిరితేనో, శ్రుతి కదిలితేనో మారుస్తాం. కంటికి కనిపించినా చెవికి వినిపించని కొద్దిపాటి అల మాత్రం మార్చం, అలాంటివి కూడా వెనక్కి తీసుకుంటే కొట్టు నడవదు. ఫిర్యాదుతో పాటు 30 సెకన్ల వీడియో, టోన్ ఆర్మ్ కనిపించేలా తీసి పంపండి.

మామూలు చిటపటలు మాత్రం చాలావరకు లోపలి కాగితపు కవరు రాల్చిన పొడి. డిస్టిల్డ్ వాటర్ 800 మి.లీ., ఐసోప్రొపైల్ ఆల్కహాల్ 200 మి.లీ., ఫోటో ల్యాబుల్లో వాడే వెట్టింగ్ ఏజెంట్ రెండు మూడు చుక్కలు కలపండి. మైక్రోఫైబర్ గుడ్డతో గాడి వెంట గుండ్రంగా తుడవండి, అడ్డంగా వద్దు. లేబుల్ తడవకూడదు. తర్వాత ఉత్త డిస్టిల్డ్ వాటర్‌తో మరోసారి తుడిచి, అరగంట నిలబెట్టి ఆరనివ్వండి. కుళాయి నీళ్లు వాడితే అందులోని ఉప్పు గాడిలో మిగులుతుంది. ఇంట్లో తాతల నాటి 78 ఆర్పీఎమ్ రికార్డులుంటే వాటికి ఈ ద్రవం తగలనివ్వకండి. అవి లక్కతో చేసినవి, ఆల్కహాల్‌లో కరుగుతాయి.

ఎండాకాలం పార్సిళ్లు: విజయవాడ, రామగుండం వైపు మే నెలలో మూసి ఉంచిన బండి లోపల వేడికి ప్లాస్టిక్ మెత్తబడుతుంది. ఏప్రిల్ నుంచి జూన్ మధ్య వరకు సోమ, మంగళవారాల్లోనే పంపుతాం, శని ఆదివారాలు గోదాములో పడి ఉండకుండా. రికార్డును అట్ట బయట, వెనకవైపు పెట్టి కడతాం. లోపలే ఉంచితే దారిలో కుదుపులకు అట్ట అంచు చీలుతుంది. వంకర పోయిన రికార్డును రెండు అద్దాల మధ్య పెట్టి ఎండలో ఉంచమని ఎవరైనా చెబితే వినకండి, గాడులు చెడిపోతాయి.

సూట్‌కేసులాంటి ప్లేయర్ వాడుతున్న వాళ్లకు: వాటిలో సూది సాధారణంగా 5 గ్రాములకు పైగా బరువుతో నొక్కుతుంది. మంచి కార్ట్రిడ్జ్‌కు 2 గ్రాములు చాలు. ఖరీదైన ఎల్పీ దాని మీద పెట్టడం కంటే అదే ఆల్బమ్ సీడీ కొనండి. మాకు లాభం తక్కువైనా ఇదే చెబుతాం.

ముందుగా డబ్బు కట్టినవాళ్లు మీ ఆర్డరులో ఉన్న ప్రతి ఆల్బమ్‌కూ మూడు వివరాలూ మెసేజ్‌లో అందుకుంటారు. అవి చూశాక వద్దనుకుంటే వారం లోపు చెప్పండి, కట్టిన మొత్తం అలాగే వెనక్కి పంపుతాం. ఏమీ చెప్పకపోతే ఆర్డరు ఉన్నట్లే తీసుకుని సరుకు తెప్పిస్తాం.